నాలుగు పంక్తుల వెనుకనున్న శాస్త్రాలు

వాణిజ్య విద్యార్థులు చదివే వ్యవస్థాపకత పాఠ్యపుస్తకాలలో ‘కాకినాడ ప్రయోగం’ అనే ఉపశీర్షిక తరచు కనిపిస్తుంది. దాని క్రింద సాధారణంగా నాలుగైదు పంక్తులకు మించి ఉండదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించాడనీ, దానివల్ల వారిలో సాధన ప్రేరణ పెరిగినదనీ, కులముగాని సంప్రదాయముగాని వ్యాపారాభివృద్ధికి ఆటంకం కాదని తేలినదనీ ఆ పంక్తుల సారాంశం. విద్యార్థులు దీనిని కంఠస్థం చేస్తారు, పరీక్షలో వ్రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అంతటితో కాకినాడ కథ ముగుస్తుంది.

ఒకనాడు ఖాళీ పీరియడులో ఒక విద్యార్థి ఆ పుస్తకం పట్టుకొని వచ్చి, “సార్, ఈయన మనస్తత్వవేత్త అని వ్రాసినారు. మనస్తత్వవేత్తకు కాకినాడ దుకాణాలతో పనేమిటి సార్?” అని అడిగినాడు. తెలుగు చెప్పే నాకు ఆ ప్రశ్న వాణిజ్యశాస్త్ర అధ్యాపకుల గదికి పంపవలసినదిగానే మొదట తోచింది. కాని ఆ ప్రయోగాన్ని గురించి చదివినకొద్దీ, అందులో వాడిన ప్రధానమైన పనిముట్టు కథ అని తెలిసి ఆశ్చర్యపోయాను. మనుషుల చేత కథలు వ్రాయించి, ఆ కథలను చదివి, వారి వ్యాపార భవిష్యత్తును అంచనా వేయబూనిన ప్రయోగమది. కథ విషయంలో తెలుగు మాస్టరుకు కూడ కొంత జోక్యం చేసుకొనే హక్కు ఉన్నదనుకొని ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం చెప్పవలెనంటే కాకినాడ నుండి కాక, 1904–05 నాటి జర్మనీ నుండి ప్రారంభించవలె. మాక్స్ వెబర్ అనే పండితుడు ఆ సంవత్సరాలలో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఐరోపాలో పెట్టుబడిదారీ వ్యాపారం పెంపొందడానికి ప్రొటెస్టెంటు క్రైస్తవశాఖల నీతి తోడ్పడినదని ఆయన వాదన. చేసే వృత్తిని దైవనియోగంగా భావించి కష్టపడుట, సంపాదించినదానిని విలాసాలకు ఖర్చుచేయక మరల వ్యాపారంలోనే పెట్టుట, ఈ రెండు గుణాలు ఆ మతభావన నుండి వచ్చినవన్నాడు. వెబర్ చదివినది న్యాయశాస్త్రం, బోధించినది అర్థశాస్త్రం, నేడు లోకం ఆయనను సమాజశాస్త్ర స్థాపకులలో ఒకనిగా తలచుకొంటుంది. అంటే ఆ వ్యాసం పుట్టుకలోనే రెండు మూడు శాస్త్రాల సంగమం ఉన్నదన్నమాట. తరువాత ఆయన చైనా మతాలను గురించి, భారతదేశపు మతాలను గురించి వ్రాస్తూ, ఆధునిక వ్యాపారవ్యవస్థ అక్కడ తనంత తానుగా ఎందుకు పుట్టలేదని విచారించాడు. ఇస్లాం గురించి పూర్తి గ్రంథం వ్రాయకుండానే 1920లో మరణించాడు. అయినను అది యోధుల మతమనే అభిప్రాయాన్ని అక్కడక్కడ వెలిబుచ్చాడు.

పండితుడు వ్రాసినది పండితుల దగ్గరనే ఉండిపోదు. ఆయన జాగ్రత్తగా పెట్టిన షరతులు త్రోవలో రాలిపోయి, చివరకు ఒక్క మాట మిగులుతుంది. “మనవాళ్ళకు వ్యాపారం అచ్చిరాదు” అనే ఆ మాటను మనమందరం విన్నాము. ఈ మాట ఒక్కొక్కచోట ఒక్కొక్క కులాన్ని, ఒక్కొక్క మతాన్ని, ఒక్కొక్క ప్రాంతాన్ని ఉద్దేశించి పలుకుతారు. మన ఇండ్లలో పెద్దలు దీనిని నిట్టూర్పుతో అంటారు. ఇతరులు నిర్ధారణగా అంటారు. ఇది కేవలం వెబర్ వల్ల పుట్టినదని నేననను. ఇటువంటి మాటలు ఆయనకు ముందునుండీ ఉన్నవి. కాని శాస్త్రం పేరు తోడైనప్పుడు సామెత కాస్త సిద్ధాంతమై కూర్చుంటుంది. స్వయంగా వర్తకుడైన ప్రవక్తను ఆదరించే సమాజానికి, ఒకరిది పెట్టుబడి, ఒకరిది శ్రమ, లాభంలో ఇద్దరికీ వాటా అనే ‘ముదారబా’ పద్ధతిని శతాబ్దాలు నడిపిన సమాజానికి వ్యాపారబుద్ధి సరిపడదనుట చరిత్ర తెలిసినవారికి వింతగా ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మాక్సిమ్ రోడిన్‌సన్ 1966లో ఇస్లాం, పెట్టుబడిదారీ విధానాలపై ఒక గ్రంథమే వ్రాసి ఇటువంటి అభిప్రాయాన్ని ఖండించాడు.

వెబర్ ఆలోచన సమాజశాస్త్రంలో ఉండగా, మరొక దిక్కు నుండి వేరొక ఆలోచన బయలుదేరింది. హెన్రీ మర్రే అనే అమెరికా దేశస్థుడు మొదట వైద్యుడు, తరువాత జీవరసాయన శాస్త్రంలో పరిశోధకుడు, ఆపైన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన క్రిస్టియానా మోర్గన్‌తో కలసి 1935లో ఒక పరీక్షను ప్రకటించాడు. స్పష్టాస్పష్టమైన ఒక బొమ్మను మనిషికి చూపి, ‘ఇక్కడ ఏమి జరుగుతున్నది, ఇంతకు ముందేమి జరిగినది, ఇకముందేమి కాగలదు, కథగా చెప్పుము’ అంటారు. చెప్పేవాడు బొమ్మను గురించి చెబుతున్నాననుకొంటాడు. తనను గురించి చెప్పుకొంటాడు. చికిత్సాలయంలో రోగి మనస్సు తెలుసుకొనేందుకు పుట్టిన పరీక్ష ఇది. 1938లో వెలువడిన గ్రంథంలో మర్రే మనిషికి గల మానసిక అవసరాల పట్టిక నొకదానిని ఇచ్చాడు. అందులో ఒకటి ‘సాధన’. కష్టమైన పనిని చక్కగా, త్వరగా, తన శక్తితో నెరవేర్చవలెననే కోరిక. పట్టికలోని అనేక అంశాలలో అదొకటి మాత్రమే.

మెక్లెలాండ్ ఈ రెండింటిని కలిపాడు. మర్రే పట్టికలో నుండి ఒక్క ‘సాధన’ను ఏరుకొని, దానిని కొలిచే పద్ధతిని సహచరులతో కలసి రూపొందించి 1953లో ప్రకటించాడు. కథలో పాత్ర ఏదైనా ప్రమాణాన్ని అందుకొనుటకు ప్రయత్నించిందా, ఆటంకాన్ని గుర్తించిందా, సహాయం వెదకిందా, గెలుపోటములను గురించి ఏమనుకొన్నది, ఇవి లెక్కించి మార్కు వేస్తారు. తరువాత ఆయనకు వెబర్ జ్ఞప్తికి వచ్చాడు. మతం నుండి నేరుగా వ్యాపారానికి త్రోవ లేదు. మతం పిల్లల పెంపకాన్ని మారుస్తుంది, పెంపకం సాధన ప్రేరణను కలిగిస్తుంది, ఆ ప్రేరణ వ్యాపారానికి దారితీస్తుంది అని ఊహించాడు. దానిని నిరూపించేందుకు ఆయన తవ్విన గని ఏదో తెలుసునా? బడిపిల్లల వాచకాలు! వివిధ దేశాలలో 1925 ప్రాంతంలోను, 1950 ప్రాంతంలోను చిన్న తరగతుల పిల్లలు చదివిన పుస్తకాల నుండి కథలను సేకరించి, వాటిలోని సాధన ప్రేరణను లెక్కించి, ఆయా దేశాల ఆర్థికాభివృద్ధితో పోల్చి చూశాడు. 1961లో వెలువడిన ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథంలో ఆ వివరాలున్నవి.

భాషాధ్యాపకునిగా నాకు ఇక్కడ కొంత సంతోషం, కొంత సంకోచం. కథలోని విషయానికి దేశ భవితవ్యంతో సంబంధమున్నదని ఒక మనస్తత్వవేత్త అంగీకరించుట సంతోషం. కాని కథను చదివి మార్కు వేయుట ఎంత చిక్కు పనియో పరీక్షాపత్రాలు దిద్దినవారికి తెలుసు. ఒక కథలో నక్క ద్రాక్షలకై ఎగిరి ఎగిరి అలసిపోతుంది. అది సాధన ప్రేరణయా, ఆశకు పోవద్దన్న హెచ్చరికయా? చెప్పేవాడిని బట్టి, వినేవాడిని బట్టి మారుతుంది. సాహిత్య విమర్శలో ఇది పాత తగవు. ఆ తగవు మనస్తత్వశాస్త్రపు పట్టికలోనికి వెళ్ళేసరికి అంకెగా మారి కనబడకుండా పోయింది. ఆలోచన ఒక శాస్త్రం నుండి మరొక శాస్త్రానికి వెళ్ళునప్పుడు పనిముట్టు చేరుతుంది, ఆ పనిముట్టును గురించిన అనుమానాలు మాత్రం పుట్టింటనే ఉండిపోతవి. నా ఉద్దేశంలో ఈ వ్యాసమంతటికీ ప్రాణం వంటి విషయం ఇదే.

ఇప్పుడు కాకినాడకు వద్దాము. చిన్న పరిశ్రమల రంగంలో శిక్షణకై కేంద్రప్రభుత్వం నెలకొల్పిన సంస్థ ఒకటి 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. నాటి వాడుకలో దానిని ‘సియెట్’ అనేవారు. నేడది యూసుఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా ఉన్నది. మెక్లెలాండ్ తన శిక్షణను పరీక్షించుటకు ఈ సంస్థ వేదిక అయింది. తూర్పు గోదావరి తీరాన లక్షకు పైగా జనాభాతో, రేవుతో, వర్తకంతో ఉన్న కాకినాడను ఎన్నుకొన్నారు. ఆ పట్టణం నుండి 52 మంది వ్యాపారులు 1964–65 ప్రాంతంలో జట్లుజట్లుగా హైదరాబాదు వచ్చి, సంస్థలోనే బసచేసి శిక్షణ పొందారు. తమిళనాడులోని వెల్లూరు నుండి కూడ కొందరు వచ్చారు. పోలిక కొరకు రాజమండ్రి వ్యాపారులను శిక్షణ ఇవ్వకుండా పరిశీలించారు. ఈ పరిశోధనను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలసి 1969లో గ్రంథంగా వెలువరించారు.

ఆ శిక్షణలో లెక్కలు వ్రాసే పద్ధతిగాని, అమ్మకపు మెళకువలుగాని ప్రధానం కాదు. మొదట వారిచేత బొమ్మలకు కథలు వ్రాయించారు. తరువాత ఆ కథలకు మార్కులెట్లు వేస్తారో వారికే నేర్పి, తమ కథలను తామే దిద్దుకొనేటట్లు చేశారు. అటుపైన మార్కు పెరిగేటట్లు కథలు వ్రాయుట అభ్యసింపజేశారు. ఒక ఆట కూడ ఆడించారు. నేలపై గుంజ పాతి, ఎంత దూరం నుండి వలయాలు విసరవలెనో ఆడేవాడినే నిర్ణయించుకొమ్మనేవారు. మన జాతరలలో సబ్బుబిళ్ళలపైకి రింగులు విసిరే ఆట వంటిదే. కాని జాతరలో దూరాన్ని దుకాణదారు నిర్ణయిస్తాడు. ఇక్కడ ఆటగాడే నిర్ణయించుకోవలె. మరీ దగ్గర నిలుచుంటే గెలుపులో రుచి లేదు. మరీ దూరం పోతే గెలుపు అదృష్టం మీద ఆధారపడుతుంది. సాధన ప్రేరణ గలవాడు నడిమి దూరాన్ని ఎన్నుకొంటాడని మెక్లెలాండ్ సిద్ధాంతం. వ్యాపారి అంటే జూదరి అనే భావనకు ఇది విరుద్ధం. మంచి వ్యాపారి తన శ్రమతో ఫలితాన్ని మార్చగల మేరకే సాహసిస్తాడన్నమాట.

ఈ శిక్షణా పద్ధతి ఎక్కడనుండి వచ్చిందో మెక్లెలాండ్ 1965లో వ్రాసిన ఒక వ్యాసంలో చెప్పాడు. వయసు మీరిన మనిషి స్వభావం మారదని మనస్తత్వ శాస్త్రజ్ఞులు నిరాశతో ఉండగా, మత ప్రచారకులు, కమ్యూనిస్టులు మాత్రం మనిషి ఏ వయసులోనైనా మారగలడని నమ్మి పనిచేస్తారు కదా అని ఆయన ఎత్తిపొడిచాడు. ఓరుగల్లు ప్రాంతం వారికి ఈ రెండు వర్గాలను గురించి నేను విడమరచి చెప్పనక్కరలేదు. జంతువులపై జరిపిన అభ్యసన పరిశోధనలు, మానసిక చికిత్స, అభిప్రాయాలను మార్చే ప్రచారపద్ధతులు, ఇన్నింటి నుండి ఏరుకొన్న సూత్రాలను ఒకచోట చేర్చి, వ్యాపారుల శిక్షణగా మలచాడు. పాఠ్యపుస్తకంలోని నాలుగు పంక్తులలోనికి ఇన్ని దిక్కుల నుండి నీరు చేరింది.

ఫలితమేమి? తరువాతి రెండేండ్లలో శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా మెలగినట్లు పరిశోధకులు గుర్తించారు. ఎక్కువ గంటలు పనిచేయుట, క్రొత్త వ్యాపారం ఆరంభించుట, పెట్టుబడి పెంచుట, ఎక్కువమందిని పనిలో పెట్టుకొనుట వంటివి వారు లెక్కించిన గుర్తులు. శిక్షణ ఫలించినదీ లేనిదీ కులం వల్ల గాని, సంప్రదాయ విశ్వాసాల వల్ల గాని నిర్ణయం కాలేదు. నిష్ఠగా పూజలు చేసుకొనేవాడు కూడ మారగలిగాడు. సూటుబూటు ధరించినంత మాత్రాన ఎవరూ మారలేదు. వెబర్ పేరు చెప్పి పుట్టించిన సామెతకు ఇది గోదావరి తీరం నుండి వచ్చిన సమాధానం. పుట్టుకతో వ్యాపారబుద్ధి వస్తుందన్న మాటను తనకు ముందున్న పండితుని గౌరవిస్తూనే ఒక పరిశోధన ప్రక్కకు తొలగించింది.

కాని ఆ గ్రంథంలో ఉన్న మరొక సంగతి పాఠ్యపుస్తకాలలో నాకు కనిపించలేదు. శిక్షణ వల్ల మేలు ప్రధానంగా కనిపించినది తన వ్యాపారంలో నిర్ణయాధికారం తన చేతిలో ఉన్నవారి విషయంలో. తండ్రి చాటునో, అన్న చాటునో, యజమాని చాటునో పనిచేసేవానికి ప్రేరణ ఎంత కలిగినా దానిని ప్రయోగించే చోటు లేదు. దీనిని విడిచిపెట్టి, “ప్రేరణ ఉంటే చాలు, పేదరికం పోతుంది” అని చెప్పినట్లయితే తప్పంతా పేదవాని మనస్సు మీదికి వస్తుంది. అప్పు పుట్టనివాడు, సంతలో చోటు దొరకనివాడు, దుకాణం పెట్టుకొందామంటే అద్దెకు గది ఇవ్వబడనివాడు తన మనస్సును ఎంత దిద్దుకొన్నా ఏమి ప్రయోజనం? అర్థశాస్త్రజ్ఞుడు ప్రక్కన ఉండి ఉంటే ఈ ప్రశ్న వెంటనే అడిగేవాడు. అందుచేతనే ఒక్క శాస్త్రపు ఆలోచన వ్యాపారంలోనికి వచ్చినప్పుడు తక్కిన శాస్త్రాలవారు కూడ గదిలో ఉండవలె.

కాకినాడ ఆలోచన కాకినాడలో ఆగిపోలేదు. 1970 నుండి గుజరాత్‌లో ప్రభుత్వసంస్థలు క్రొత్త పారిశ్రామికవేత్తలను తయారుచేసే శిక్షణా కార్యక్రమాలను చేపట్టినవి. వాటిలో సాధన ప్రేరణ శిక్షణ ఒక భాగం. ఆ అనుభవం మీదనే 1983లో అహమ్మదాబాదులో జాతీయస్థాయి వ్యవస్థాపకత సంస్థ వెలసింది. నేడు నిరుద్యోగ యువకులకు అప్పు మంజూరుకు ముందో వెనుకో ఇచ్చే శిక్షణకు ముత్తాత ఈ కాకినాడ శిక్షణ అని చెప్పవచ్చును. ఉదయ్ పారీక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనికి ఒక ముఖ్యమైన సవరణ చేశాడు. మనదేశంలో వ్యక్తి తాను పైకి రావలెననే కోరిక ఒక్కటే చాలదనీ, ఇతరులకు, సమాజానికి ఉపయోగపడవలెననే ప్రేరణను కూడ లెక్కలోనికి తీసుకోవలెననీ ఆయన వాదించాడు. ఆయనా, తెలుగువాడైన టి.వి. రావూ కలసి 1974–75లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి సిబ్బంది వ్యవహారాలను పునర్వ్యవస్థీకరించే పథకం తయారుచేశారు. మనదేశపు కంపెనీలలో మానవ వనరుల అభివృద్ధి అనే ప్రత్యేక విభాగానికి అది నాంది. అదే పదబంధం 1985లో కేంద్రప్రభుత్వ విద్యాశాఖ పేరుగా మారి 2020 వరకు నిలిచింది. బడిపిల్లల వాచకాలను లెక్కపెట్టుటతో మొదలైన పరిశోధన కంపెనీ కార్యాలయాలను చుట్టి, దానికి సోదరప్రాయమైన పేరు మరల బడుల శాఖకే చేరుట తమాషాగా తోస్తుంది. పదాలకు కూడ ప్రయాణాలుంటవి.

కాకినాడలో మనస్సును కొలిచారు. నలుబది సంవత్సరాల తరువాత మన హైదరాబాదు బస్తీలలో అప్పును కొలిచారు. ఆ రెండవ ఆలోచన బయలుదేరినది పంటపొలం నుండి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాక్షేత్రంలో 1919 నుండి పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ ముందు ఒక సమస్య ఉండేది. ఒక మడిలో ఎరువు వేసి, ఒక మడిలో వేయక, దిగుబడి పోల్చినప్పుడు, తేడా ఎరువుదా, నేలదా? రైతుకు ఏ చెలక సారమైనదో ముందే తెలుసు; మనకు తెలియకుండా మన చేయి మంచి చెలకకే ఎరువు వేస్తుంది. కాబట్టి ఏ మడికి ఎరువు వేయవలెనో చీటీలు వేసి తేల్చుమన్నాడు ఫిషర్. చీటీకి పక్షపాతం లేదు. 1947లో బ్రిటనులో క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించినప్పుడు ఇదే పద్ధతిని రోగులకు అన్వయించారు. పొలం నుండి ఆసుపత్రికి వచ్చిన చీటీ ఆ తరువాత ఆర్థిక పరిశోధనలోనికి వచ్చింది.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ అనే ఆర్థికవేత్తలు హైదరాబాదులో 104 బస్తీలను తీసుకొని, చీటీపద్ధతిలో సగం, అంటే 52 బస్తీలను ఎంపికచేశారు. 2005 నుండి ఆ 52 బస్తీలలో ఒక సూక్ష్మరుణ సంస్థ మహిళల బృందాలకు అప్పులిచ్చుట ప్రారంభించింది. (కాకినాడ వ్యాపారుల సంఖ్య కూడ 52 అగుట కేవలం కాకతాళీయం.) అటుతరువాత ఏండ్లలో రెండుసార్లు కుటుంబాలను పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. అంతకుముందే వ్యాపారమున్న కొన్ని కుటుంబాలు దానిని పెంచుకొన్నవి. కాని సగటున కుటుంబపు మొత్తం ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో గాని, ఇంటి నిర్ణయాలలో స్త్రీ మాట చెల్లుబడిలో గాని చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. సూక్ష్మరుణం పేదరికాన్ని తుడిచిపెట్టే మంత్రమని ప్రచారం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఈ పరిశోధన ఆ మంత్రానికి మర్యాదగా ఒక ప్రశ్నార్థకాన్ని తగిలించింది.

ఈ మధ్యకాలంలో ఏమి జరిగినదో మన పల్లెల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరు కట్టకపోతే బృందమంతా కట్టవలెననే ఏర్పాటు అర్థశాస్త్ర గ్రంథాలలో ఎంతో సొగసుగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగువారికి ఒకరి సంగతి ఒకరికి తెలుసు, కాబట్టి బ్యాంకు చేయలేని నిఘాను వారే చేసుకొంటారని సిద్ధాంతం. వాడకట్టులో ఆ నిఘా ఏ రూపం దాల్చుతుందో సిద్ధాంతం చెప్పదు. వాకిట్లో నలుగురు స్త్రీలు కూర్చుండి లేవక పోవుట, అన్నం ముద్ద నోటికి పోని అవమానం, ఇవి సమీకరణంలో లేవు. ఒకే కుటుంబం మూడు నాలుగు సంస్థలకు బాకీపడి, ఆత్మహత్యల వార్తలు రాగా, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ సంస్థల వసూళ్ళను కట్టడి చేసింది. వాడకట్టులోని సిగ్గును గురించి, మానమర్యాదలను గురించి మానవశాస్త్రజ్ఞులకు తెలిసినది అప్పు పథకాలు వ్రాసినవారి బల్ల మీదికి సకాలంలో చేరలేదనిపిస్తుంది. ఎరువు వేసిన మడి ప్రక్క మడిని చూచి సిగ్గుపడదు. మనిషి పడతాడు.

మూడవ కథను క్లుప్తంగా చెప్పి వదలుతాను. అందులోని గణితం నాకు మించినది. తెలుగు కుటుంబంలో 1920లో హడగలిలో జన్మించి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కలకత్తా గణాంక సంస్థ పక్షాన కేంబ్రిడ్జి వెళ్ళారు. సూడాను దేశంలోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించుట ఆయనకు అప్పగించిన పని. అనేక కొలతలను ఒక్కచోట చేర్చి, ఈ పుర్రె ఏ సమూహానికి చెందినదని నిర్ణయించే గణితాన్ని ఫిషర్, మహలనోబిస్ 1936లో వేరువేరుగా వృద్ధిచేశారు. రావుగారు దానిని మరింత విస్తరింపజేశారు. 1941లో డేవిడ్ డ్యూరండ్ అదే గణితంతో అప్పు తీర్చగలవారిని, తీర్చలేనివారిని వేరుచేయ చూచాడు. 1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ దివాలా తీసిన 33 కంపెనీలను, నిలిచిన 33 కంపెనీలను తీసుకొని, 22 నిష్పత్తులు పరిశీలించి, ఐదింటితో ఒక సూత్రం కట్టాడు. వాణిజ్య విద్యార్థులు దానిని నేటికీ చదువుతారు. రావుగారు 2023లో నూరేండ్లు దాటిన వయసులో దివంగతులయ్యారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట పరిశోధనా సంస్థ ఉన్నది.

పుర్రెకు తన సమూహం ఏదైనా నష్టం లేదు. కాని అప్పుకు దరఖాస్తు పెట్టిన మనిషిని ‘ఎగవేతదారుల సమూహం’లో వేసినట్లయితే అతని దుకాణం తెరుచుకోదు. పైగా ఆల్ట్‌మన్ తీసుకొన్న ఆ 66 కంపెనీలు అమెరికాలోని తయారీ పరిశ్రమలు. వేరు రకపు కంపెనీలకు వేరు సూత్రం కావలెనని గుర్తించి తరువాత ఆయనే సవరించిన సూత్రాలను తయారుచేశాడు. జనగామలోని ఒక రైసుమిల్లుకు మొదటి సూత్రాన్ని యథాతథంగా తగిలించి ప్రాజెక్టు రిపోర్టు వ్రాసే విద్యార్థి ఈ సంగతి తెలిసి వ్రాస్తున్నాడా?

పూర్వం ఈ చిక్కు తక్కువ. 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’ వ్రాసినప్పుడు చరిత్ర, పన్నులు, శ్రమవిభజన, నగరజీవనం అన్నీ ఒక్క గ్రంథంలోనే ఇమిడినవి. మన ఉర్దూ విభాగపు విద్యార్థులు మహాకవిగా తలచే ఇక్బాల్ 1904లో అర్థశాస్త్రంపై ‘ఇల్ముల్ ఇక్తిసాద్’ అనే పుస్తకం వ్రాశాడు. నేడు విద్య ఎంత విస్తరించినదంటే ఒక్క మనిషి తలలో అన్నీ ఇమడవు. అందుకే తలలు కలవవలె.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. మన టైంటేబులులో వాణిజ్య, కళా, విజ్ఞాన విభాగాల విద్యార్థులు కలసి కూర్చొనే గంట ఒక్కటి కూడ లేదు. అటెండెన్సు రిజిస్టర్లు వేరు కాబట్టి అట్లు ఉన్నదని నాకు తెలుసు. ఎవరినీ తప్పుపట్టుట లేదు. వారానికి ఒక గంట, శనివారం మధ్యాహ్నమైనా సరే, మూడు విభాగాల వారికి ఉమ్మడిగా కేటాయించినచో దానికి ఖర్చు లేదు. మొదటి ప్రశ్న కొరకు దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే పెంబర్తి ఉన్నది. అక్కడి ఇత్తడి రేకు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు తరువాత కంసాలి చేతికి వచ్చే కూలి పెరిగినదా, నడిమి వర్తకుని లాభమే పెరిగినదా? దీనికి జమాఖర్చు చూడగలవాడు కావలె, లోహం సంగతి తెలిసినవాడు కావలె, కాకతీయుల నాటి నుండి ఆ వృత్తి నడిచిన తీరు చెప్పగలవాడు కావలె, ఆ ఇంటి ముసలామె చెప్పే మాటను ఓపికగా విని ఉన్నదున్నట్లు వ్రాసుకోగలవాడు కావలె. ఘన్‌పూర్ స్టేషనులో ప్యాసింజరు ఎక్కితే జనగామ ఎంతో దూరం కాదు. అక్కడినుండి పెంబర్తికి ఆటోలు ఉంటవి. నన్ను ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి ఇప్పటికే తన పేరు ఇచ్చి ఉన్నాడు.